ఆటలో అరటిపండు

"అమ్మా, ఈ రోజు నేను చాలా బాగా నిలబడ్డాను. మేడం చప్పట్లు కొట్టింది."

జిమ్నాస్టిక్స్ క్లాసు నుంచి ఇంటికి వస్తూ ఆటోలో మా పాప చెప్పిన మాట ఇది. దానికి అప్పటికి నాలుగేళ్ల రెండు నెలలు. పల్టీలు కొట్టిస్తారని, గంతులు వేయిస్తారని, ఇంట్లో సోఫాల మీద నుంచి దూకే ఆ ఉరుకుకు ఒక దారి దొరుకుతుందని పంపాను. నా బిడ్డకు అక్కడ దొరికిన మెప్పు కదలకుండా నిలబడినందుకు. అది చెబుతున్నప్పుడు దాని ముఖంలో ఎంత సంతోషమో! ఆ సంతోషమే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

తరువాతి క్లాసుకు నేనూ లోపలికి వెళ్లి, గోడ పక్కన బెంచీ మీద కూర్చుని ఫోనులో సమయం లెక్కపెట్టాను. పద్నాలుగు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, పొడవాటి మ్యాట్ ఒకటి. క్లాసు 45 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు అందరూ కలిసి చేతులూ కాళ్లూ ఊపారు. ఆ తర్వాత అంతా వరుస. మా పాప వంతు ఏడుసార్లు వచ్చింది. ప్రతిసారీ ఇరవై సెకన్లు. అన్నీ కలిపినా ఎనిమిది నిమిషాల లోపే. మిగిలిన 37 నిమిషాలు ముందున్న పిల్ల జడ చూస్తూ నిలబడింది.

టీచర్లను నేను తప్పు పట్టను. అంతమంది నాలుగేళ్ల పిల్లలకు ఒకే మ్యాట్ ఉంటే, వరుస తప్పిన మరుక్షణం ఒకరి మీద ఒకరు పడతారు. వాళ్లు ఓపికగానే ఉన్నారు. లోపం ఆ ఏర్పాటులోనే ఉంది. పెద్దపిల్లలకు నేర్పే పద్ధతిని కొలత తగ్గించి చిన్నపిల్లలకు తొడిగారు.

ఆ రోజు నుంచి ఏ క్లాసుకు వెళ్లినా నేను చూసేది ఒక్కటే. ఇక్కడ పిల్లల కాళ్లు ఎంతసేపు ఆడుతున్నాయి? ఫీజు, యూనిఫాం, ఏసీ హాలు, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ అన్నీ ఆ తర్వాతే.

వారానికి 21 గంటలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం ఒక మార్గదర్శకం ఇచ్చింది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రూపంలో కదులుతూ ఉండాలి. అందులో కనీసం 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కి రొప్పు వచ్చేంత చురుకుగా ఉండాలి. కూర్చుని తెర చూసే సమయం రోజు మొత్తంలో గంటకు మించకూడదు. ఒకేసారి గంటకు మించి ఒకచోట బంధించినట్టు ఉంచకూడదు.

మొదటిసారి చదివినప్పుడు భయం వేసింది. రోజుకు మూడు గంటలంటే వారానికి 21 గంటలు. మేము డబ్బు కట్టి కొన్నది వారానికి మూడు క్లాసులు, అంటే రెండుంబావు గంటలు. ఆ రెండుంబావు గంటలూ నిలబడకుండా పరుగెత్తినా చాలదు. మాది ఎనిమిదేసి నిమిషాల లెక్క!

తీరిగ్గా ఆలోచిస్తే భయం తగ్గి, నిజం కనిపించింది. ఆ 180 నిమిషాలను ఏ క్లాసూ ఇవ్వలేదు, ఇవ్వాల్సిన పనీ లేదు. మెట్లు దిగడం, అంగడికి నడవడం, మొక్కలకు చెంబుతో నీళ్లు మోయడం, దుప్పటి మీద కూర్చోబెట్టి నాన్న ఇల్లంతా లాగితే నవ్వడం, తర్వాత నాన్నను తాను లాగబోయి పడటం అన్నీ ఆ లెక్కలోవే. క్లాసు విస్తట్లో ఊరగాయ వంటిది. అన్నం వేరే ఉండాలి. మా తరం తల్లిదండ్రులం అన్నం వండటం మానేసి ఊరగాయ ఏ కంపెనీది మంచిదో వెతుకుతున్నామని నాకు బలంగా అనిపించింది.

బడి ఈ అన్నం పెడుతుందని అనుకునేదాన్ని. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అని పిలిచి, ఆటల ద్వారా, పనుల ద్వారా నేర్పమంది. మా పాప ప్రీస్కూలు నుంచి మాత్రం రోజూ రాత పనే ఇంటికి వస్తుంది. వాళ్ల ఆటస్థలం ఒక డాబా. దాని మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి, రెండు జారుడుబల్లలు ఉన్నాయి. మార్చి నుంచి జూన్ దాకా పదకొండు దాటితే అక్కడ కాలు పెట్టలేరు.

తిరిగిన చోట్లు

ఆ జిమ్నాస్టిక్స్ మానిపించాక ఆరు నెలలు తిరిగాను. స్కేటింగ్ ఒక నెల చూశాం. హెల్మెట్, మోకాళ్లకూ మోచేతులకూ తొడుగులు, చక్రాల బూట్లు వేయడానికే పావుగంట పట్టేది. మొదటి వారమంతా ఏడ్చింది. "రెండు వారాల్లో ఏడుపు పోతుందమ్మా" అన్నాడు కోచ్. నిజంగానే పోయింది. దానితోపాటు క్లాసు రోజుల్లో పొద్దున్నే లేచి పాడుకునే పాట కూడా పోయింది. బూట్లు చూడగానే కాళ్లు ముడుచుకునేది. కొందరు పిల్లలకు ఆ బూట్లంటే ప్రాణం, వాళ్లను కళ్లారా చూశాను. మా పాపకు ఆ వయసులో అది సరిపోలేదు, అంతే.

కూచిపూడి నేర్పే ఒక పెద్దావిడ దగ్గరకు తీసుకెళ్లాను. చేర్చుకోనన్నారు. "కాళ్లు పక్కలకు వంచి అరమండిలో కూర్చోవాలంటే మోకాళ్లకూ నడుముకూ బలం రావాలి. ఏడో ఏడు రానివ్వండమ్మా. అంతదాకా గెంతనివ్వండి" అన్నారు. ఫీజు వస్తుంటే వద్దనే మనిషిని ఈ ఊళ్లో చాలాకాలం తర్వాత చూశాను. లేచి వస్తుంటే, అప్పుడప్పుడూ తీసుకొచ్చి కూర్చోబెట్టమన్నారు, పిల్లలు చూసి కూడా నేర్చుకుంటారని. నెలకు ఒకసారైనా వెళ్తాం. మా పాప గుమ్మం పక్కన కూర్చుని తాళానికి తొడ మీద కొట్టుకుంటుంది. కాసేపటికి బయటకు వచ్చి వరండాలో తనకు తోచినట్టు గెంతుతుంది. ఎవరూ వద్దనరు.

నాకు నచ్చిన క్లాసు కూడా ఒకటి దొరికింది. ఫుట్‌బాల్ అని పేరు. నేర్పేది పాతికేళ్ల అబ్బాయి. ఒక్కొక్కరికి ఒక్కో బంతి ఇచ్చేవాడు. వరుసలు లేవు. అతను మొసలి, టర్ఫ్ చెరువు, పిల్లలు బంతిని తన్నుకుంటూ అవతలి ఒడ్డుకు చేరాలి. మొసలి ఎవరి బంతినైనా లాక్కుంటే వాళ్లు ఔట్ కారు. పక్కకు వెళ్లి పది కప్పగంతులు వేసి బంతి తీసుకుని మళ్లీ చెరువులోకి రావాలి. సమయం చూశాను. 40 నిమిషాల్లో మా పాప 31 నిమిషాలు కదిలింది. ఇంటికి వచ్చి, పెట్టిన అన్నమంతా తిని, కథ సగంలో ఉండగానే నిద్రపోయింది. మూడు నెలల తర్వాత ఆ టర్ఫ్ సాయంత్రాలు పెద్దల క్రికెట్‌కు అద్దెకు పోయింది. క్రికెట్ వాళ్లు గంటకు ఇచ్చే డబ్బును ఎనిమిది మంది చిన్నపిల్లల ఫీజు అందుకోలేదు. ఆ అబ్బాయి ఊరికి అవతలి వైపు వెళ్లిపోయాడు. రానూపోనూ రెండు గంటల ప్రయాణం పెట్టుకుని 40 నిమిషాల ఆటకు బిడ్డను తిప్పడం నాకు న్యాయంగా తోచలేదు.

హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ ఏటా నడిపే వేసవి శిక్షణ శిబిరాలు గుర్తొచ్చి అక్కడా అడిగాను. అవి ఆరేళ్లు నిండిన వాళ్లకు. ఆరేళ్లలోపు పిల్లలకు ఈ నగరం చూపించే చోటు పార్కు ఒక్కటే. మా పేటలో పార్కు ఉంది. గడ్డి తొక్కరాదని బోర్డు ఉంది. మిగిలిన నడకదారి నిండా పెద్దలు.

అరటిపండు అంటే

ఫుట్‌బాల్ ఆగిపోయిన వారంలో ఒక సాయంత్రం కూరగాయల సంచితో లిఫ్ట్ కోసం నిలబడి ఉన్నాను. పాప చేయి విడిపించుకుని సెల్లార్‌లోకి పరుగెత్తింది. మా వాచ్‌మన్ కూతురు, పదేళ్లుంటాయి, ఆమె తమ్ముడు, ఇస్త్రీ బండి వాళ్ల పిల్లలు ముగ్గురు అక్కడ నాలుగు స్తంభాలాట ఆడుతున్నారు. ఆ ఆట కోసమే కట్టారా అన్నట్టు ఉంటాయి సెల్లార్ స్తంభాలు. మా పాప వెళ్లి మధ్యలో నిలబడింది. ఆట ఆగిపోయింది. ఆ పెద్దపిల్ల ఒక్క క్షణం చూసి, "సరే, నువ్వు అరటిపండు. నా స్తంభం పట్టుకో" అంది.

ఎన్నేళ్లయింది ఆ మాటను ఆ అర్థంలో విని! ఇప్పుడు అరటిపండు అంటే లెక్కలో లేనివాడు. ఆఫీసులో పనీ మాటా లేకుండా ఊరికే కూర్చోబెట్టినవాణ్ణి అలా అంటారు. తిట్టుగా స్థిరపడిపోయింది. అసలు అర్థం చిన్నప్పుడు ఆడినవాళ్లందరికీ తెలుసు. నియమాలు తెలియని, పరుగు చాలని చిన్నవాడు ఏడుస్తూ వస్తే పెద్దపిల్లలు వాణ్ణి ఆటలోకి తీసుకుంటారు. వాడూ పరుగెత్తుతాడు, దాక్కుంటాడు, దొరుకుతాడు. దొరికినా ఔట్ కాడు, దొంగ కాడు. ఆ సంగతి వాడికి తప్ప అందరికీ తెలుసు. పంటలు వేసుకునేటప్పుడు తప్పించుకున్నవాణ్ణి 'పండాడు' అంటాం. అరటిపండు పంటల్లో చేయి పెట్టకుండానే పండినవాడు. ఆ పేరు అందుకే అతికిందేమోనని నాకు తోస్తుంది.

ఈ ఏర్పాటులో ఎంత తెలివి, ఎంత దయ ఉన్నాయో ఆ సాయంత్రం స్తంభం పక్కన నిలబడి చూస్తుంటే తెలిసింది. ఆ పెద్దపిల్ల ఇంకో స్తంభానికి పరుగెత్తినప్పుడల్లా మా పాప ఆమె గౌను కుచ్చులు పట్టుకుని వెనకే పరుగెత్తుతోంది. నాలుగేళ్ల కాళ్లు పదేళ్ల కాళ్లను అందుకోవాలి మరి. అరగంట ఆటలో అది ఆగింది రెండుసార్లు. ఒకసారి చెప్పు జారితే, ఇంకోసారి నవ్వు ఆపుకోలేక. నేను తిరిగిన క్లాసుల్లో మొసలి ఆట ఒక్కటే దీని దరిదాపుల్లోకి వచ్చింది. ఆ అబ్బాయి తెలిసో తెలియకో పిల్లలందర్నీ అరటిపండ్లను చేశాడు.

ఇంకో తేడా కూడా కనిపించింది. క్లాసులో అందరూ ఒకే వయసువాళ్లు. చూసి నేర్చుకోవడానికి అక్కడ ఉండేది ఒక్క టీచరే. ఆమె పెద్దమనిషి, ఆమె శరీరం వేరు. సెల్లార్‌లో ఏడేళ్లవాడు ఎలా మలుపు తిరుగుతాడో ఐదేళ్లవాడు చూస్తాడు, ఐదేళ్లవాడు ఎలా పడి లేస్తాడో మా పాప చూస్తుంది. ఒక్కొక్కరికి ఒక మెట్టు పైన ఇంకొకరు ఉంటారు. దాగుడుమూతలు, నేలా బండా, ఒప్పులకుప్ప మనకు నేర్పిన టీచరు ఎవరు? పేరు చెప్పగలమా? మనకన్నా రెండు మూడేళ్లు పెద్దవాళ్లు ఎవరో.

అందుకే క్లాసు వెతుకుతున్న తల్లిదండ్రులకు నా మాట ఇది. మీ బిడ్డ అరటిపండుగా ఉండగలిగే చోటు వెతకండి. అది ఫీజు కట్టే క్లాసైనా సరే, సెల్లార్ అయినా సరే. ఔట్ చేసి పక్కన కూర్చోబెట్టే చోటు, వరుసలో నిలబెట్టే చోటు నాలుగేళ్లకు వద్దు.

అమ్మ వేసిన ప్రశ్న

ఇదంతా ఉత్సాహంగా అమ్మకు ఫోనులో చెప్పాను. కాసేపు ఊరుకుని అమ్మ అడిగింది: "ఆ పెద్దపిల్ల ఆడుకుంటోందా, నీ కూతుర్ని ఆడిస్తోందా?"

అమ్మ పదేళ్ల వయసంతా చంకలో తమ్ముడితోనే గడిచింది. మిగతా పిల్లలు వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే మామయ్యను ఎత్తుకుని అరుగు మీద కూర్చునేదట. దించితే ఏడుస్తాడు, ఎత్తుకుంటే ఆడలేదు. పాత రోజుల ఆటల గురించి మనం ముచ్చటగా చెప్పుకునే మాటల్లో ఆ అరుగు మీది పిల్ల కనిపించదు. ఏ వీధి పిల్లలు ఏ వీధిలోకి వెళ్లి ఆడవచ్చో, ఎవరిని తాకితే ఇంటికి వచ్చి నీళ్లు పోసుకోవాలో కూడా ఆ రోజుల్లోని సంగతులే. వాటిని దాచిపెట్టి అరటిపండు గొప్పతనం చెప్పడం అబద్ధమవుతుంది.

అమ్మ ప్రశ్న రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. మా పాపకు సాయంత్రం ఆట దొరకడమంటే, మా వాచ్‌మన్ కూతురికి జీతం లేని ఆయా పని దొరకడమేనా? ఆ పిల్లకు బడి ఉంది, వాళ్లమ్మతో పాటు నీళ్ల మోటారు చూసే పని కూడా ఉంది. మిగిలేది ఆ గంటే. ఆ గంటలో నా బిడ్డను ఆమె మీద మోపే హక్కు నాకు లేదు. నేను పెట్టుకున్న నియమం చిన్నది. "చెల్లిని చూస్తూ ఉండమ్మా" అనే మాట నా నోట రాకూడదు. పెద్దవాళ్లు ఒకరు కింద కూర్చోవాల్సిందే. పాప పేచీ పెడితే పైకి తీసుకెళ్లాల్సింది నేను. వాళ్ల ఆట ఆగకూడదు. ఒకరోజు ఆ పిల్లనే అడిగాను, పాప వస్తే మీకు ఇబ్బందిగా ఉందా అని. "పెద్దాట ఆడేటప్పుడు వద్దు ఆంటీ, మిగతా వాటికి రానివ్వండి" అంది. ఆ జవాబు నాకు నచ్చింది. ఆ రోజుల్లో పాప వేరే ఏదో చేసుకుంటుంది, నాతో బంతి ఆడుతుంది.

భయాల సంగతి కూడా తీసిపారేయలేను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ సీసీటీవీ దృశ్యం చూసిన తల్లి ఎవరూ మర్చిపోలేరు. ఆ వారం మా గేటుకు గొళ్లెం పడింది, ఇప్పటికీ తీయలేదు. బిడ్డను వీధిలోకి పంపండి అని నేను అనను, అనలేను. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో సాయంత్రం ఐదున్నరకు కింద కూర్చునే మనిషి ఉండరు. వాళ్లకు క్లాసే దారి. నేను కూడా వారంలో మూడు రోజులే కూర్చోగలను. మంచి క్లాసు దొరికితే ఇప్పుడైనా చేరుస్తాను. వెళ్లి, కూర్చుని, లెక్కపెట్టి చేరుస్తాను.

ఈత సంగతి వేరు

ఒక్క ఈత దగ్గర నా వాదన నేనే పక్కన పెడతాను. అది ప్రాణానికి సంబంధించిన విద్య. 2009లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో పద్ధతిగా ఈత నేర్చుకున్నవాళ్లకు నీటిలో మునిగే ప్రమాదం బాగా తక్కువగా కనిపించింది. అందుకని పెద్దవాళ్ల కన్ను పక్కకు తిరగవచ్చని కాదు. మా నాన్నకు వాళ్ల నాన్న దిగుడుబావిలో నడుముకు తాడు కట్టి, వీపున ఎండిన సొరకాయ బుర్రలు కట్టి ఈత నేర్పాడు. తాడు కొస చివరి రోజు దాకా ఆయన చేతిలోనే ఉందట. మా పాపకు ఇప్పుడు నేర్పుతున్నావిడ నీళ్లలో తానూ దిగుతుంది, ఒకేసారి ముగ్గురికి మించి తీసుకోదు. అక్కడ కూడా వంతు కోసం ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపు గట్టు మీద కాళ్లతో నీళ్లు కొడుతూ.

ఇంత చిన్నప్పుడు మొదలుపెట్టకపోతే వెనకబడిపోతారేమో అని లిఫ్ట్‌లో ఒకావిడ నన్ను అడిగారు. పి.వి. సింధు రాకెట్ పట్టింది ఎనిమిదేళ్లకు, అదీ అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులైన ఇంట్లో. మిథాలీ రాజ్ క్రికెట్ మొదలుపెట్టింది పదేళ్లకు. మా పాప వాళ్లంత కావాలని నాకు లేదు. కానీ వాళ్ల కథల్లోనూ నాలుగేళ్లకు తొందర లేదు.

సెల్లార్‌లో

అపార్ట్‌మెంట్ సమావేశంలో అడిగాను, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ర్యాంపుకు దూరంగా ఉన్న సగం సెల్లార్‌లో బండ్లు తిప్పవద్దని. పిల్లలు సెల్లార్‌లో ఆడరాదన్న నోటీసు అప్పటికే గోడ మీద ఉంది. వెనక్కి వచ్చే కారుకు చిన్నపిల్ల కనిపించదు, ఆ భయం నిజమైనదే. రెండు గంటలు వాదించుకున్నాం. ఇద్దరు ఒప్పుకోలేదు, ఇప్పటికీ కోపంగానే ఉన్నారు. ఆ గంటసేపు ర్యాంపు మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటానని నాలుగో అంతస్తు తాతగారు ముందుకొచ్చారు. బండి వస్తే చేయి ఎత్తుతారు, పిల్లలు స్తంభాలకు అతుక్కుంటారు, బండి వెళ్లిపోతుంది. నోటీసు ఇంకా గోడ మీదే ఉంది.

ఇప్పుడు మా ఫ్లాట్లలోని పిల్లలు కూడా నలుగురు దిగుతున్నారు. మొన్న ఒక చిన్నబాబు, మూడేళ్లు నిండాయో లేదో, నిక్కరు జారుతుంటే పట్టుకుని వచ్చి మధ్యలో నిలబడ్డాడు. వాడికీ ఒక స్తంభం దొరికింది.

ఆ రాత్రి మా పాప పైకి వచ్చేసరికి మోకాలి నిండా దుమ్ము, జడ సగం ఊడింది. చెప్పులు గుమ్మంలో విసిరేసి వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! నన్ను ఈ రోజు నిజంగా ఔట్ చేశారు. నేను దొంగనయ్యాను!"